ఊరూ పేరూ లేనిది

పంజాగుట్టలో పెద్దాసుపత్రి గోడ వెనక సందులో
మేం వేళ్లు చేస్తాం.
సిలికాన్ వేళ్లు. ఒక్కోసారి చెవి. ఏడాదికో ముక్కు.
అసలువి కానివాటిని అసలువిగా నమ్మించడమే మా కూలి.
కాబట్టి నకిలీ గురించి నా దగ్గర
కాస్త చూసి మాట్లాడాలి.

పాత ఎయిర్‌బ్రష్ జపానుది. బాలనర్సయ్య సారు
పద్దెనిమిదేళ్లు వాడి, పోయిన దసరాకి
చేతులు వణుకుతున్నాయని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.
మొన్న దాని సూది జారిపడి కొన వంగింది.
కొత్త సూది ఎంతని అడిగితే
కోఠి దుకాణంవాడు ధర చెప్పేముందు కుర్చీ చూపించాడు.

అందుకే ఇది, ఆన్‌లైన్‌లో,
పధ్నాలుగు వందల తొంభై తొమ్మిదికి.
ఊరూ పేరూ లేదు. అంటే పేరుంది,
అట్టపెట్టె మీద ఒకటి, పిడి మీద ఒకటి,
లోపలి కాగితంలో ఇంకొకటి.
మూడు పేర్లున్నవాడికి అప్పెవరిస్తారు?
తొమ్మిది వందల మంది "చాలా బాగుంది" అన్నారట.
దేనికి రంగేశారో ఒక్కరూ చెప్పలేదు.

ఫోన్లో సారు:
"మెరుపు జూడకు బిడ్డా. మెరుపు ఎవడైనా పూస్తడు.
మరలు జూడు. తిప్పుతాంటే ఇసుక తగిలినట్టుంటే
మల్ల డబ్బాల వెట్టి వాపస్ పంపు."

కళ్లు మూసుకుని తిప్పాను.
మూడో చుట్టు దగ్గర చిన్న గీర.
తర్వాతంతా నెయ్యి.

సూది లాగి అద్దం మీద దొర్లించాను.
వంకరుంటే నీడ గంతేస్తుంది.
గంతెయ్యలేదు.
భూతద్దం కింద నాజిల్ నోరు గుండ్రంగానే ఉంది,
ఒక పక్క మాత్రం వెంట్రుకంత పొరక,
పిల్లాడు తుడుచుకోవడం మరిచిన పాలచారలా.

కప్పులో నీళ్లు పోసి గాలి వదిలితే
బుడగలు.
గాలి దొంగదారిన వెనక్కొస్తోందన్నమాట.
విప్పి, నాజిల్ మెడకి తేనెమైనం రాసి బిగించాను.
బుడగలు ఆగాయి.
దీన్ని బాగుచేయడం అంటారో
మోసంలో చెయ్యి కలపడం అంటారో, ఏమో.

ఇక రంగు.
కాగితం మీద చుక్క, గీత, మళ్లీ చుక్క.
లావుగా మొదలైన గీత వెంట్రుకై మాయమవ్వాలి.
మొదటి పదీ తుమ్మాయి.
పదకొండోది వెళ్లింది,
అగరొత్తి పొగలా, ఎక్కడ ఆగిందో చెప్పకుండా.

అప్పుడు తీశాను లింగస్వామి ఉంగరం వేలు.
జీడిమెట్లలో ప్రెస్సు మింగినది, ఎడమచేతిది.
కొలతలకొచ్చిన రోజు అతను అడిగింది ఒక్కటే:
"గోరు కింద జెర నలుపు పెట్టుర్రి మేడం.
మిషను మీద పన్జేసెటోని ఏలు
గంత సాఫ్‌గ ఉంటదా?"

జపానుది ఎన్నడూ తుమ్మి ఎరగదు.
చర్మం మీది మచ్చల్ని దానితో
ఒక్కొక్కటీ ఓపిగ్గా పెట్టేదాన్ని, ఒక్కొక్కటీ పెట్టినట్టే ఉండేవి.
ఇది కణుపు దగ్గర ఉన్నట్టుండి తుమ్మింది.
ఎర్రటి తుంపర, నేను అడగని చోట.
తుడవబోయి, ఆగి,
నా సొంత వేలు పక్కన పెట్టి చూసుకున్నాను.
చాలాసేపు చూశాను.

ఇంత చెప్పీ, ఇది మంచిదని అనను.
ఇంకో పది వేళ్లకి దాని రబ్బరు వాషర్ ఉబ్బిపోవచ్చు.
పైపూత లేచి కింద ఇత్తడి పళ్లికిలించవచ్చు.
తుమ్మకూడని చోట, ఏ ఆడపిల్ల చెంప మీదో, తుమ్మవచ్చు.

శనివారం లింగస్వామి వచ్చాడు. వేలు తొడుక్కుని
కిటికీ వెలుగులో ఇటూ అటూ తిప్పాడు.
బల్ల మీద మెరుస్తున్నదాన్ని చూసి
"గిది ఒరిజినలేనా?" అన్నాడు.

"వాపసుకి పదమూడో తారీకు దాకా గడువుంది" అన్నాను.

సరేనన్నట్టు తలూపి,
మాటల్లో పడి,
ఆ గోరు కింది నలుపుని
కుడి బొటనవేలి గోటితో గీకబోయాడు.