చుక్కలు

పొద్దుగాల అయిదున్నర.
క్లాక్‌టవర్ కాడ బక్కమ్మ హోటల్ల
మొదటి చాయ ఇంక మరగనే లేదు,
ఆడ ఆస్ట్రేలియాల
ఇంగ్లండోళ్ల మూడో వికెట్ పడ్డది.

బురాన్ సాబ్ ఫోను
చక్కెర డబ్బాకు ఆనిచ్చి పెట్టిండు.
ఆఫ్ స్టంప్ బయట, ఇడిసిపెడితె పోయే బంతి.
ఇడిసిపెట్టలే.
"చెయ్యి గుంజుకోరాదుర" అన్నడు
సముద్రాల అవతలి పిలగానితోని,
ఎన్కట కాలేజీ గ్రౌండ్ల నాతోని అన్నట్టే.

ముప్పై రెండేండ్లు జిల్లా లీగుకు స్కోరు రాసినోన్ని.
పరుగు రాని బంతికి చుక్క.
ఆరు చుక్కలు గీతలతోని కలిపితె మెయిడెన్.
లింగస్వామి ఆడిన దినం
పుస్తకమంత చుక్కలే,
ఎండకాలం డాబా మీద ఎల్లెలుకల పండుకొని చూసినట్టు.
మిర్యాలగూడ మీద ఒకపారి
డెబ్బై నాలుగు బంతులు, రెండు పరుగులు.
సున్నం గీత మీద కూసున్న పోరగాండ్లు బూతులు తిట్టిన్రు.
వాని నాయిన బత్తాయి తోటలకెల్లి సీదా వచ్చిండు,
చేతికి మట్టి గూడ పోలే.
"అంటు పెట్టినంక అయిదేండ్లు ఆగాలె బిడ్డ,
ఆర్నెల్లకే కొమ్మ దులిపితె ఏం రాల్తది,
ఆకు."

వాళ్ల దేశంల గూడ జిల్లా జిల్లాకు ఒక టీమున్నదట.
నాలుగు దినాల ఆట.
దాన్ని ఏప్రిల్ చలికి ఇంత,
సెప్టెంబర్ మబ్బుకు ఇంత నూకి
నడుమ మంచి ఎండలన్ని పొట్టి ఆటకు రాసిచ్చిన్రట.
తడి నేల మీద
మెల్లగ ఏసేటోనికే వికెట్లు.
గట్టి నేల మీద బంతి గొంతుకాడికి ఎట్ల లేస్తదో
ఆ పిలగానికి ఎవలు చెప్పాలె?

పేపర్ల గిది చదివిననాడు
నవ్వుదామనుకున్న.
సిగ్గయింది.

దసరా నుంచి శివరాత్రి దాక, సల్లటి దినాలు,
మా గ్రౌండు కప్పులోళ్లది.
ఎమ్మెల్యే కప్పు, కొత్త ప్లాట్లు అమ్మేటోని కప్పు,
టెన్నిస్ బంతి, డీజే,
సిక్సు కొడితె ఐదువందల నోటు.
రెండు దినాల లీగు మే నెలకు పోయింది.
నలభై నాలుగు డిగ్రీల ఎండల
జూట్ చాపకు మేకులు కొడుతుంటె
బురాన్ సాబ్ చేతులు బొబ్బలెక్కినయి.
కమిటీ కాగితం మీద అయిదు సంతకాలు.
నాలుగోది నాదే.

లింగస్వామి ఆ ఎండల రెండు మ్యాచులు ఆడిండు.
మూడోదానికి రాలే.
ఇప్పుడు నకిరేకల్ రోడ్డు మీద డీసీఎం నడుపుతుండు.
బర్రె అడ్డమొచ్చినా, బైకు అడ్డమొచ్చినా
తప్పిచ్చుకుంటడు.
పద్దెనిమిదేండ్ల సంది బండికి ఒక్క గీత పడలే.

ఏడో వికెట్.
బస్టాండు హమాలి ఒకడు తొంగిచూసి
"గంటసేపు గూడ నిలవడరా వీండ్లు?" అన్నడు.
బురాన్ సాబ్ జవాబియ్యలే.
చాయల రొట్టె ముంచిండు,
అది మెత్తవడి గ్లాసుల రాలింది.

పదో నంబరోడు దిగిండు, బౌలరు.
బ్యాటు పట్టుడు రాదు వానికి, కనవడుతనే ఉంది.
మొదటి బంతి మెడ మీదికి లేచింది. వంగిండు.
రెండోది ఇడిసిపెట్టిండు.
మూడోది సుత వదిలేసిండు.

బక్కమ్మ ఉద్దెర పుస్తకం గుంజుకొని
ఎనుక అట్ట మీద పెన్ను పెట్టిన.
పైన లతీఫ్ సాబ్ గుట్ట మీద చుక్కలు మాయమైతున్నయి.
కింద నేను పెడుతున్న,
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది ప్యాడుకు తాకింది, అందరు అరిసిన్రు,
అంపైర్ తల ఊపిండు, కాదని.
అయిదు.

పెన్ను లేపి పట్టుకున్న.