నాలుక మడిచిన చోట

ఫ్యూర్త్‌లో, రైలు స్టేషన్ వెనక సందులో
నేను రంగుల పంచాయితీ తీరుస్తాను.
తాతల నాటి రేకు రైళ్ళు అట్టపెట్టెల్లో వస్తాయి.
ఒంటిమీది రంగు పుట్టుకతో వచ్చిందో,
ఎవరో మసిపూసి మారేడుకాయ చేశారో
తేల్చి కాగితం మీద రాసిస్తాను.

ముందు వేలితో చూస్తాను.
బట్టీలో కాల్చిన పాత ఎనామిల్
పింగాణీ పళ్ళెంలా గోటికి చల్లగా తగులుతుంది.
ఇంట్లో వేసిన పూత
స్పిరిట్ ముంచిన దూదికే లొంగిపోతుంది.
పాతదాని మీద పగుళ్ళు
పాలు చల్లారాక మీగడ ముడత పడ్డట్టు ఉంటాయి.
అంచున బంగారు గీత గీసిన పనిమనిషి
మలుపు దగ్గర ఊపిరి బిగబట్టిన సంగతి కూడా తెలుస్తుంది.
ఇక అరుగుదల.
పిల్లల చెయ్యి పొగగొట్టాన్నే పట్టుకుంటుంది.
పొట్ట కింద అరిగితే నాకు అనుమానం.

పోయిన ఫిబ్రవరిలో రోస్‌విథా వచ్చింది.
ఎనభై ఒకటి. బూట్ల మంచు గుమ్మంలో దులిపి
గళ్ళ తువ్వాలు విప్పింది.
ఆకుపచ్చ ఇంజను.
"మా పెద్దత్త ఇచ్చింది. నాకే," అంది
నేనేమీ అడగకముందే.

ఆకుపచ్చ బాగానే ఉంది, దూరానికి.
దీపం ఆర్పి ఊదా లాంతరు వెలిగించాను.
పాత రంగైతే చీకట్లో చీకటిలా ఊరుకోవాలి,
ఇది పాలిపోయి వెలిగింది.
స్క్రూ గాడి నిండా ఆకుపచ్చ పేరుకుంది.

ఇంజను బోర్లించాను.
రేకును రేకుతో కలిపే చిన్న నాలుకలుంటాయి,
సందులో దూర్చి మడిచినవి.
ఒకదాన్ని వెంట్రుకవాసి ఎత్తాను.
మడత కింద ఎరుపు,
అప్పుడే కోసిన బీట్‌రూట్ ముక్కలా తడితడిగా.

దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయింది ఆమె.
చాలాసేపటికి అంది:
"మా తమ్ముడు ఎక్కెహార్ట్‌కి ఎర్ర ఇంజనుండేది. పోయింది.
తోటంతా తవ్వాడు వాడు, గూస్‌బెర్రీ పొదల కింద కూడా.
డెబ్బై రెండేళ్ళయింది. ఇప్పటికీ
వసంతంలో పార పట్టినప్పుడు
ఠంగుమంటే ఆగి వంగి చూస్తాడు."
కాసేపాగి,
"ఆ ఏడు మా కిటికీ తలుపులకి పచ్చరంగు వేయించారు," అంది.

భూతద్దం కింద, డ్రైవరు నిలబడే గూటి కప్పు లోపల,
ఆరీ ఆరని రంగులో దిగిన బొటనవేలి ముద్ర.
పదేళ్ళు కూడా ఉండవు ఆ వేలికి.
అద్దం ఆమె చేతికిచ్చాను.
కీళ్ళవాతంతో వంకరపోయిన తన వేలు దాని మీద పెట్టుకుంది.
ముద్ర కనబడకుండా పోయింది.

"తెలిసీ ఎందుకు తెచ్చారు?"
"నా నోటితో రావడం లేదు. ఎవరైనా రాసిస్తారని."

రాశాను.
మొదటి పూత: ఎరుపు, కాల్చినది, అసలుది.
రెండో పూత: కిటికీల రంగు, చేతిపని.
వేసినవారు అన్నచోట గీత గీసి వదిలేశాను.
కలం అడిగి తీసుకుని
ఆ గీత మీద తనే పేరు రాసింది,
బడిపిల్ల అక్షరాలతో, పెళ్ళికి ముందటి ఇంటిపేరుతో.

పైపూత తీయించుకుంటే ధర మూడింతలు పలుకుతుంది,
చెప్పడం నా వృత్తి, చెప్పాను.
తువ్వాల్లో చుడుతూ తల అడ్డంగా ఊపింది.
ఆదివారం వాడు కాఫీకి వస్తాడట.
కేకు పక్కన పెడుతుందట,
చక్రాలు పైకి,
ఎత్తిన నాలుక వాడి వైపు ఉండేలా.