గరుకు

మార్చి గాలి చెవులు కొరుకుతున్న పొద్దున
లిమ్‌ఫ్యోర్డ్ ఒడ్డున నడుం వంచుకుని తిరిగాను.
ఎప్పటిదో మంచు నార్వే నుంచి ఈడ్చుకొచ్చి
చిరునామా చెప్పకుండా దింపేసి పోయిన రాళ్ళు.
"చెకుముకి నేనిస్తాను,
జింక కొమ్ము నేనిస్తాను,
గరుకు మాత్రం నువ్వే ఏరుకో" అంది సిడ్సెల్.

ఆవుల్లేని ఆవుల కొట్టం ఆమె బడి.
ఎంత చలైనా తలుపు బార్లా తెరిచే ఉంచుతుంది,
ఈ పొడి ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుందట.
తోలుముక్క తొడ మీద పరుచుకుని చెయ్యి చాచింది.
జేబులోంచి మూడు తీసి పెట్టాను.

మొదటిది నల్లనిది, బాతుగుడ్డంత నునుపు.
అరచేతిలో పెట్టుకుంటే దించబుద్ధి కాదు.
చెకుముకి అంచు మీద ఒక్కసారి లాగింది.
జారిపోయింది, సబ్బు మీద కాలు పడ్డట్టు.
"అలలు దీన్ని మరీ ముద్దు చేశాయి.
కిటికీలో పెట్టుకో."

రెండోది ఇటుకరంగు ఇసుకరాయి.
రెండు లాగుళ్ళకే తోలు నిండా ఎర్రపొడి,
అంచు మాత్రం చెక్కుచెదరలేదు.
తడిగుడ్డతో తుడుస్తూ అంది:
"మా ఆల్బన్ ఇలాగే ఉండేవాడు.
ఎదుటివాడు అరగకముందే తను అరిగిపోయేవాడు."
ఎందుకో ఆ రాయిని పారేయలేదు,
పక్కన పెట్టుకుంది.

మూడోదాన్ని వదిలేసి రెండడుగులు నడిచి
మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాను.
బూడిదరంగు. ఎండకి తిప్పితే
చక్కెర పలుకుల్లాంటి మెరుపులు.
దాన్ని తన బొటనవేలి గోరుకేసి రుద్దింది.
తెల్లటి గీత. రాలిన పొడి గోరుదే, రాయిది కాదు.
"పిడికిట్లో ఇమిడింది, అయినా కొంచెం బయటికొచ్చింది.
లేకపోతే వేళ్ళే చెక్కుకుపోతాయి.
రుద్దు."

చెయ్యి రాలేదు.
హాన్స్‌ట్‌హోల్మ్‌లో చేపలు కోస్తూ ఇరవై రెండేళ్ళు
కత్తిని ఒక్కపూట మొద్దుబారనివ్వనిదాన్ని.
అవతలి వెలుతురు కనిపించేంత పలచటి అంచు,
దాన్ని చేతులారా మొండి చేయమంటుందా?

రుద్దకుండానే కొట్టాను.
పటికబెల్లంలా నలిగిపోయింది.
విరుగు రెండు గోళ్ళ దూరం పోయి
మెట్టు కట్టి ఆగిపోయింది.
సిడ్సెల్ ముక్కు చీదుకుంది.
చాలాసేపటికి, బయటి బురదను చూస్తూ:
"పదునుకి కోయడం వచ్చు, దెబ్బ కాయడం రాదు.
దెబ్బకి నిలవాలంటే
అంచైనా మొండికేయాలి."

అప్పుడు రుద్దాను.
పైనుంచి కిందికి, ఒకే దిక్కుకి,
పళ్ళు జివ్వుమనే చప్పుడు.
వేలు ఆనిస్తే తెగనంతవరకూ రుద్దాను,
ఇంకా రుద్దమంటే ఇంకా.
కొమ్ము ఎత్తి కొట్టాను.

ఉల్లిపొర విడినంత మెత్తగా
ఒక పెచ్చు తొడ మీద వాలింది.
పొడుగ్గా, కాస్త వంపుగా, ఇంకా వెచ్చగా ఉందనిపించింది.
ఎత్తి చూడబోతే వేలు కోసింది.
"ఆఁ" అంది సిడ్సెల్.
అంతే అంది.

సాయంత్రం బస్సులో
కోటు జేబులో రాయి. అప్పుడే దాని వీపున
చిన్న గాడి పడుతోంది, నా రుద్దుడు లోతున.
భోజనానికి ఆలస్యమవుతుందని చెప్దామని
ఫోన్ తీసి బొటనవేలు ఆనించాను.
ఒప్పుకోలేదు.
తుడుచుకుని ఆనించాను. నువ్వు కాదంది.
వేలి గీతలు కొట్టంలోనే రాలిపోయి ఉంటాయి.
మూడోసారి అడగలేదు.
ఫోన్ సంచిలో పడేసి
గాడిలో వేలు పెట్టుకుని కూర్చున్నాను,
థీస్టెడ్ దీపాలు కనిపించేదాకా.