సౌమ్యం తొంభై ఎనిమిది

తరమణిలో ఆరో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ చుట్టుకుని
మనుషుల్ని కలుపుతున్నాను, పిండి కలిపినట్టు.

ఇంత బెదురు, ఇంత ఓర్పు,
చిటికెడు దూకుడు,
పక్కవాడి మోచేతిని భరించే గుణం మరికాస్త.
ఐదు గీతలు. ఒక్కోదాని మీద
జరిపితే జరిగే చుక్క.
బొమ్మలకు మొహాల్లేవు, నడకుంది.

సెంట్రల్ కింద మెట్రో. నాలుగు వేల మంది.
మూడో నిమిషంలో పొగ.
అందరూ ఒక్కసారే అటు తిరిగితే
అది జనం కాదు, చాట వంచితే జారిన బియ్యం
అంటుంది ఇళవరసి.
అందుకే ఈ గుణాలు.

నిన్న రాత్రి
ఒక తలుపు దగ్గర ఇద్దరు ఆగిపోయారు.
417, 2203.
ఇద్దరికీ సౌమ్యం తొంభై ఎనిమిది.
ముందు మీరంటే, కాదు ముందు మీరు.
వెనక మూడొందల మంది కిక్కిరిసి,
పొగ నడుముల దాకా వచ్చినా
వాళ్లు ఒకరికొకరు దారిస్తూనే ఉన్నారు.
లోపం అని రాసి పంపాను.
"డెబ్బై దాటనివ్వకు"
జవాబొచ్చింది, పక్కన నవ్వు బొమ్మతో.

ఇవాళ పార్క్ స్టేషన్ సబ్‌వేలో వాననీళ్లు,
మురికివి, పిక్కల దాకా.
గోడవారగా ఒకే వరస, చెప్పులు చేతుల్లో.
చేపల బుట్ట నెత్తినున్న ఒకామె
నడిమధ్యకు దిగి నిలబడింది.
కనపడని మెట్టు ఇక్కడుందని కాలితో తట్టి చూపిస్తూ
చేయి చాచింది. "పో మ్మా, పో."
పైన ఆమె రైలు కూత వేసింది. వెళ్లిపోయింది.
ఆమె తిట్టుకుంది రైలుని,
చేయి మాత్రం తీయలేదు.

నేనూ ఆ చేయి పట్టుకునే దాటాను.
తడిగా, పొలుసులు అంటుకుని ఉంది.
ఏమీ అనలేదు నేను. నా రైలు ఉంది కదా.

ఇంటికొచ్చి, అన్నం తినకుండానే,
నా అంకెలతో ఒక బొమ్మ చేసి వదిలాను.
నలభై ఒక్క సెకన్లు.
అందరికన్నా ముందు బయటపడింది.
ఎవర్నీ తోయలేదు,
సందు ఎక్కడ పుడుతుందో దానికి ముందే తెలుసు, అంతే.

రేపటికి డెబ్బై నియమం రాసివ్వాలి.
417ని తగ్గించాను.
దాటేసింది. దాని వెనకే మూడొందల మందీ.
2203 దగ్గర వేలు ఆగింది.

తలుపు దగ్గర, పొగలో,
ఇంకా పక్కకి ఒదిగే నిలబడి ఉంది అది.
ఎవరూ లేరు.
ముందు మీరు, అంటోంది.

ఇళవరసికి ఇంకా చెప్పలేదు.