ఇద్దరూ ఒకరేనని

కందుకూరు బస్టాండు ఎదురుగా
జిరాక్సు మిషను వేడికి వేసవి రెండింతలయ్యే కొట్టులో
పందొమ్మిదేళ్లుగా నేను
జనం పుట్టిన ఊళ్లు టైపు కొడుతున్నాను.

మేమెక్కడికీ పోలేదు.
పామూరు బస్సు పామూరుకే పోతా ఉండాది,
సింగరాయకొండలో రైలు రెండు నిమిషాలే ఆగుతా ఉండాది.
నాలిక మీద ఉగాది చేదు ఇంకా పోకముందే ఒక రాత్రి
ప్రకాశంలో పడుకుని
నెల్లూరులో లేచాం.
మంచం అదే. దోమలూ అవే.
నాకు ఖర్చయింది ఒక్క రబ్బరు స్టాంపు,
నూట ఇరవై రూపాయలు.

ఉలవపాడు దీవెన అంతకుముందే వెళ్లింది.
మామిడితోట కావలి జకరయ్య కూతురు, నర్సు.
గోడకి తెల్ల దుప్పటి బిగించి
పాస్‌పోర్టు ఫొటో నేనే తీశాను.
చెవులు కనపడాలమ్మా అంటే
చెవులు చూసి పనిస్తారా అన్నా, అని నవ్వింది.
ఆ నవ్వు పనికిరాదని రెండోసారి తీయాల్సొచ్చింది.

ఇంగ్లండులో హల్ అనే ఓడరేవు.
అక్కడ ముసలివాళ్ల వార్డులో
బోర్డు మీద సగం తుడిచిన పేరు: దోయ్నా.
ఆ సగం మీదే దీవెన అని రాశారట.
గదిలో కొక్కేనికి ఒక గొడుగు,
వంటింటి అరలో ఒక సీసా.
మూత తీసి వీడియోలో చూపించింది:
"కాల్చిన వంకాయ పచ్చడే అన్నా, మనదే.
కారం వెయ్యడం మరిచిపోయినారు."

దోయ్నాది రుమేనియా.
పదకొండేళ్లు ఆ వార్డులో
పరాయి తల్లుల వీపులు రుద్దింది.
వచ్చిన రోజు ఆమెను కాగితం అడిగినవాడు లేడు;
దేశాలన్నీ ఒకే వసారాలో అరుగులు అప్పుడు.
తర్వాత ఆ దేశం ఓట్లు లెక్కపెట్టుకుని
తన అరుగు చుట్టూ దడి కట్టుకుంది.
ఉన్నవాళ్లు, ఉన్నామని
ఫలానా తేదీలోగా రాసివ్వాలన్నారు.
ఉన్నదాన్ని ఉన్నానని ఎందుకు చెప్పాలి, అనుకుందట దోయ్నా.
తేదీ దాటింది.

నాకు ఆమె ముఖం తెలీదు.
ఆ అనుకోవడం మాత్రం బాగా తెలుసు.
రేషన్ కార్డు పోయి నా ముందు కూచునే ప్రతి మనిషీ
అదే అనుకుని ఆలస్యమైనవాడే.

"ఆమె పోబట్టే నేనొచ్చినా," అంది దీవెన ఒకసారి,
ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ అన్నం వేళ.
"నా వీసా ఈ ఆసుపత్రి చేతిలో ఉండాది.
పని పోతే అరవై రోజులు.
ఆమెకి పదకొండేళ్లు ఆ లెక్క లేదు,
నాకు మొదటి రోజు నుంచీ ఉండాది.
ఎవరు నయమో చెప్పు?"
ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతున్నట్టు నటించాను.

ఈ నెల ఆమె కాగితాలకే చిక్కొచ్చింది.
పుట్టిన సర్టిఫికెట్టులో ప్రకాశం,
పోలీసులిచ్చిన కొత్తదాంట్లో నెల్లూరు.
మీరు ఏ ఉలవపాడు, అని అడిగారంట ఆ ఆఫీసులో.
మళ్లీ ప్రకాశంలోకే కలుపుతారని కొట్టు ముందు చెప్పుకుంటుంటే
నేను పాత స్టాంపు వెతుక్కుంటున్నాను.

పది రూపాయల స్టాంపు కాగితం మీద కొట్టాను:
పై రెండు ఊళ్లూ ఒకటేననీ,
వాటిలో పుట్టిన ఇద్దరూ ఒకరేననీ
ప్రమాణపూర్వకంగా...

పంపాక ఫోనులో కాసేపు మాట లేదు.
"అన్నా, ఇట్లాంటిదే ఇంకోటి రాస్తావా?
ముందున్నామె, ఇప్పుడున్నామె..."
చాలాసేపు నవ్వింది. ఫొటోకి పనికిరాని నవ్వు.

మాటవరసకే అందని తెలిసీ కొట్టాను, తెల్ల కాగితం మీద.
దోయ్నా తండ్రి పేరు తెలీక అక్కడ చుక్కలు పెట్టాను.
నోటరీ గురవయ్య కళ్లజోడు నుదుటికెత్తి
"ఎవరి తాలూకు ఇది?" అన్నాడు.
చెప్పలేకపోయాను.

వెనకవైపు ఖాళీగానే ఉంది.
మధ్యాహ్నం వలేటివారిపాలెం నుంచొచ్చిన ముసలామెకి
పింఛను లెక్క దాని మీదే వేసిచ్చాను.