పలకని అక్షరం

క్లాక్స్‌విక్ రేవులో తెల్లవారుజామున నాలుగూ పది.
చేపల వేలం ఆరింటికి.
పై అంతస్తులో హీటరు పక్కన
రన్‌వా ఒక్కతే.

ఎదురుగా రెండు కిటికీలు:
ఒకదాంట్లో సముద్రం, ఇంకోదాంట్లో కన్సోలు.
రెండూ నల్లవే.
రెండూ అడగనిదే ఏమీ చెప్పవు.

పడవల నుంచి తూకాలొస్తాయి,
మంచు గిడ్డంగి నుంచి చలి లెక్కలు,
సుంకాల కచేరీ నుంచి అనుమతులు.
ఒకరి భాష ఒకరికి రాదు.
నడుమ కూర్చుని అందరి మాటా అందరికీ
ఒప్పజెప్పే సర్వరొకటి నేలమాళిగలో ఉంది.
సవ్యంగా సాగినన్నాళ్ళూ
అదొకటుందని ఎవరికీ గుర్తుండదు.

ఇవాళ గుర్తొచ్చింది.

స్టేటస్, అని కొట్టింది.
నడుస్తున్నాను, అంది సర్వరు.
జ్వరంతో కాలిపోతున్న పిల్లాడూ అంతే,
ఆటకి వెళ్ళాలనుంటే బాగానే ఉన్నానంటాడు.

ఫ్లోల జాబితా అడిగింది.
పదకొండూ వరసగా నిలబడి హాజరు పలికాయి.
మెమరీ సగం ఖాళీ. డిస్కు నిక్షేపం.
ఒక్క జవాబులోనూ అబద్ధం లేదు.
అబద్ధం లేనిచోట తప్పును పట్టుకోవడం కష్టం.

"రీస్టార్ట్ కొట్టెయ్" అన్నాడు ఫోన్లో బైనిర్,
దుప్పటిలోంచే.
వాడికి అన్ని రోగాలకీ అదే మాత్ర.
గొంతులో ముల్లు దిగినవాణ్ణి
పడుకోబెట్టి లేపితే ముల్లు పోతుందా?

క్యూ లోతెంత, అనడిగింది.
నాలుగు వందల పన్నెండు.
మళ్ళీ.
నాలుగు వందల పందొమ్మిది.
మళ్ళీ.
నాలుగు వందల ముప్ఫై ఒకటి.
కింద గట్టు మీద ఫోర్కులిఫ్టులు ఊరికే గుర్రుమంటున్నాయి.

ట్రేసు తెరిచింది.
తీసింది, విప్పింది, బెదిరింది, వెనక్కి పెట్టింది.
తీసింది, విప్పింది, బెదిరింది, వెనక్కి పెట్టింది.
అర్ధరాత్రి నుంచి తొమ్మిది వేల సార్లు
ఒకే ఉత్తరం.
విసుగెరగని దానికి ఓర్పు కూడా జబ్బే.

తీయకుండా చూసే కమాండొకటుంది.
నిద్రపోతున్నవాళ్ళ ముఖం మీది దుప్పటి తొలగించినట్టు
మెల్లగా చూసింది:
కాడ్ చేప, మూడు వందల నలభై కిలోలు,
పడవ పేరు —

ఆ పేరు చివర
మెడకి అడ్డగీత తగిలించుకున్న 'డి'.

పోయిన వారమే సున్నువా
పాత పేరు గీకేసి, నిచ్చెనెక్కి,
ఎర్ర రంగుతో తన అత్త పేరు రాసుకుంది.
మూడే అక్షరాలు. పలికితే 'ఎయ్',
చీకట్లో ఎవరినో కేకేసినట్టు.
ఆ చివరిదాన్ని ఈ దీవుల్లో
ఏ నోరూ పలకదు. రాస్తారు, అంతే.
వేలంశాల పాత యంత్రం మాత్రం
పలకబోయి పొలమారింది.

"పలకని అక్షరమేగా,
తీసేసి పంపు" అన్నాడు బైనిర్.
నిజమే. ఒక్క మీట. డిలీట్ మీద వేలుంది.
ఎందుకో ఇంకో కిటికీలోకి చూసింది.
రేవు దీపం కింద ఆ ఎరుపు
ఇంకా తడిగానే ఉన్నట్టుంది.
గీత గీసేటప్పుడు చెయ్యి వణికినట్టుంది,
కొంచెం వంకర.

ఉత్తరాన్ని పక్క క్యూలోకి జరిపింది.
వెనకున్నవి విరుచుకుపడ్డాయి:
నాలుగు వందలు, నూట అరవై, ముప్ఫై, ఏడు.
కింద హాల్లో బోర్డు వెలిగింది, ఎవరో ఈల వేశారు.

ఆ ఈల ఆమె కోసం కాదు.

ఎన్‌కోడింగ్ పట్టికలో ఒక వరస దిద్ది,
ఆ ఒక్క ఫ్లోనే ఆపి, లేపి,
పక్కన నిలబడ్డ ఉత్తరాన్ని
అయిదూ యాభై రెండుకి వదిలింది.

తీసింది. విప్పింది.
రన్‌వా ఊపిరి కాసేపు ఎక్కడో.
అప్పజెప్పింది.

స్టేటస్, అని మరోసారి కొట్టింది.
నడుస్తున్నాను, అంది సర్వరు
అచ్చం ఇందాకటి గొంతుతోనే.
ఈసారి నమ్మింది,
సగం.