నీళ్ళు గాని నీళ్ళు

డ్రమ్ము మూత తీసిన్నాడు
ముస్తాక్ భాయి ఒక్కటే మాట చెప్పిండు:
"నీళ్ళనుకునేవు బిడ్డా, ఇవి నీళ్ళు గావు."

పేరు పర్‌క్లోర్.
సూడవోతే వాగుల తేటనీళ్ళ లెక్కనే ఉంటది.
లీటరు డబ్బా ఎత్తితే
చెయ్యి కిందికి గుంజుతది, కిలోన్నర పైమాటే.
అగ్గిపుల్లకు అంటుకోదు.
వాసన తియ్యగ,
ముగ్గిన పండు పక్కన దవాఖాన ఉన్నట్టు.

హన్మకొండ చౌరస్తా సందుల
అద్దం తలుపు మిషిన్ల
పట్టుచీరెలు తిరుగుతయి, లగ్గం కోట్లు తిరుగుతయి,
తడుస్తయి గని నానవు.
పోగు ఉబ్బదు, జరీ నల్లవడదు.
బగార అన్నం నూనె, తలనూనె, స్కూటర్ గిరీసు
చెప్పకుంట లేసిపోతయి.
ప్లాస్టిక్ గుండీలు రెండు మెత్తవడి కరిగినయి సుత,
సేటు నా జీతంల కట్ జేసిండు.

మా నాయనమ్మ లచ్చవ్వకు ఇదంత నవ్వులాట.
చౌడు నానవెట్టి, బాన మీద ఉబ్బవోసి
నలభై ఇండ్ల బట్టలు ఉతికిన మనిషి.
నల్లజీడి గుర్తు సూసి ఏ ఇంటిదో చెప్పేది.
"నీళ్ళు లేని ఉతుకుడేందిరా,
కల్లు లేని దావత్ లెక్క!"

నాకు నవ్వు రాదు.
మాపటికి ఏళ్ళ మీది తోలు తెల్లగ పగుల్తది.
కొబ్బరినూనె రాస్త, తెల్లారి అది దాన్నే తింటది.
చమురంటే అంత పాణం దానికి,
చీరెదా మనిషిదా అని అడుగది.
ఆవిరి సుత బరువే, నేలకు దిగుతది,
అందుకే కింద కూసొని అన్నం తిననియ్యడు భాయి.

రాత్రి కాగవెడితే మళ్ళ తేటగ తిరిగొస్తది.
అడుగున నల్లటి మడ్డి,
ఊరందరి జిడ్డు.
మోరీల పొయ్యొద్దు, డబ్బాలకు పట్టి లారీకియ్యాలె.
నీళ్ళ మీద తేలదట,
నీళ్ళను దాటి కిందికి పోతదట,
బోరు అడుగున సప్పుడు లేకుంట ఏండ్లకేండ్లు కూసుంటదట.
ఎనుక సందుల మోరీ దిక్కు సూస్తనే ఉంట.
పాత సేటు ఎన్నేండ్లు పోసిండో.

మొన్న మేడారం పోయొచ్చిన చీరె ఒకటి,
కొంగు మీద బంగారం, అదే, బెల్లం,
ఎండి బిళ్ళ గట్టింది.
మిషిన్ల రెండుసార్లు ఏసిన.
నూనె పోయింది, దుబ్బ పోయింది,
బెల్లం ఉన్నకాడనే ఉన్నది.

ఇంటికి తీస్కపోయిన.
లచ్చవ్వకు కండ్లు ఆనవు,
కొంగు ఏలితోటి తడిమి
వద్దవ్వా అనేలోపే నాలిక మీద వెట్టుకున్నది.

"చెంబెడు నీళ్ళు తే."